శిశువుల బడులు: మన మండలమున చూచినవి నాలుగు

(కులసంఘ వార్షిక మహాసభయందు చదివిన ఉపన్యాసము)



గత సంవత్సరపు మహాసభయందు మన సంఘము గావించిన తీర్మాన మొకటి మీకందఱకును జ్ఞాపకముండును. మన కల్యాణమండపపు మేడపైని మన కులపు పసిపిల్లలకొఱకు ఇంగ్లీషు మాధ్యమమున ఒక శిశువిద్యాలయమును స్థాపింపవలయుననియు, అందులకు విద్యానిధినుండి ధనమును వినియోగింపవలయుననియు ఆ తీర్మానము. దానిని ప్రతిపాదించినవారు వేఱొకరు గాని, బలపఱచుచు అర్ధగంటసేపు మాటలాడినవారము మేమే. ఆనాడు మీరు చఱచిన చప్పట్లు మా చెవులలో ఇంకను మ్రోగుచున్నవి. నేడు మేము ఈ వేదిక నెక్కినది ఆ తీర్మానమును మార్పుడని కోరుటకు.

మా యభిప్రాయము మాఱుటకు కారణము పుస్తకములు కావు. తీర్మానమైన పిమ్మట కార్యవర్గమువారు మమ్ము పిలిచి, సర్కారువారి శిశుబడులు మన మండలమున ఎట్లున్నవో చూచి రమ్మనియు, మన విద్యాలయము వానికంటె ఏ విధమున మేలుగా నుండవలయునో వ్రాసి యిమ్మనియు చెప్పిరి. మేము ఉద్యోగమునుండి విరమించినవారము, తీఱిక కలవారము. పుష్యమాఘమాసములలో నాలుగు అంగన్వాడీ కేంద్రములను ఎంచుకొని, ఒక్కొక్కదానికి మూడేసి మాఱులు, ముందుగా తెలుపకయే పోయి, గోడవార కూర్చుండి చూచితిమి. తప్పులు వెదకుటకే పోయితిమని ఒప్పుకొనుట న్యాయము.

మొదటిది ఊరినడుమ పంచాయతి కచ్చేరి ప్రక్కనున్నది. స్వంతభవనము. గోడలపై ఏనుగులు, నెమళ్ళు, అక్షరమాల చక్కగా చిత్రింపబడినవి. వంటగది వేఱు, మరుగుదొడ్డి వేఱు. బరువు తూచు యంత్రమును, ఎత్తు కొలుచు కోలయు నున్నవి. తప్పులకొఱకు పోయినవారము గదా, ఆ భవనమును చూచి కొంత నిరాశ చెందితిమి. హాజరుపట్టికలో 26 పేర్లున్నవి. మేము పోయిన మూడుదినములలో ఒకనాడు 9 మంది, ఒకనాడు ఏడుగురు, ఒకనాడు 11 మంది వచ్చిరి. తక్కినవారేరి? ఉదయము ఎనిమిది గంటలకు రావిచెట్టుక్రింద నిలుచు పసుపుపచ్చని బస్సు వారిని కొనిపోవుచున్నది. మా మనుమడును అందులోనే పోవుచుండెను. ఉన్నవారినైనను నిలుపుకొందమని పంతులమ్మ ఏ, బి, సి, డి లను చెప్పించుచుండెను. పిల్లలు చేతులు కట్టుకొని అరచుచుండిరి. ఆమె నడుమనడుమ చేతిఫోనున పోషణ్ ట్రాకరులో బరువులను, ఎత్తులను ఎక్కించుచుండెను. మేము కొంచెము కటువుగనే అడిగితిమి. ఆమె కోపగింపక, "పిల్లని ఎత్తుకునే చేత్తోనే ఇదీ పట్టుకోవాలి మాస్టారూ" అని మాత్రము చెప్పెను.

ఇచ్చట అంగన్వాడి యను పేరునుగూర్చి ఒక మాట. మా మిత్రులొకరు దీనిని 'అంగనల వాడ' యని అర్థము చెప్పిరి. అంగన యనగా స్త్రీ. అందు పనిచేయువారందఱును స్త్రీలే గనుక ఆ వ్యుత్పత్తి సందర్భమునకు చెల్లును గాని శబ్దమునకు చెల్లదు. అంగణమనగా ఇంటి ముంగిలి. ఈ పేరు వెనుక ఒక కథ కలదు. గిజుభాయి బధేకా గారు 1920లో భావనగరమున బాలమందిరమును స్థాపించిరి. వారితో కలిసి పనిచేసిన తారాబాయి మోడక్ గారు 1945లో బొంబాయికి ఉత్తరమున సముద్రతీరపు బోర్డీ గ్రామమున పల్లెపిల్లలకై పనికి పూనుకొనిరి. పేదల పిల్లలు, ఆదివాసుల పిల్లలు బాలవాడికి రాకుండుటను చూచి, ఆమె వారిని నిందింపలేదు. బడినే వారి ముంగిళ్ళకు కొనిపోయినది. ముంగిటి బడి గనుక అంగన్వాడి. భారతప్రభుత్వమువారు సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకమును 1975 అక్టోబరు 2వ తేదీన 33 బ్లాకులలో ఆరంభించి ఆ పేరునే స్వీకరించిరి. నేడు దేశమున అట్టి కేంద్రములు రమారమి 14 లక్షలు. మన ఆంధ్రప్రదేశమున 55 వేలకు పైబడి యున్నవి.

రెండవది మన వీధిలోనిదే. చీరాల వేటపాలెముల చుట్టుప్రక్కల మన నేతవాడలు ఎట్లుండునో మీకు చెప్పనక్కఱలేదు. పదడుగుల వెడల్పు, పండ్రెండడుగుల పొడవు గల అద్దెగది, ముందొక రేకుల పంచ, వంటయు అందే. మరుగుదొడ్డి ఇంటివారిది. గోడ కావల మగ్గము. దాని చప్పుడు ఎడతెగక వినబడుచుండును. ఈ కేంద్రమునకు స్వంతభవనము లేదు, చిత్రములు లేవు, ఆటస్థలము లేదు. పట్టికలో 31 పేర్లు. మేము పోయిన ఏ దినమునను 27కు తక్కువ లేరు.

ఈ పంతులమ్మ చదివినది పదవతరగతి. ఉత్తకండెలు, తెగిన నూలుపోగులు, చింతగింజలు, ఒక పాత అచ్చుపుస్తకము, ఇవి యామె సామగ్రి. పిల్లలను పంచలో వలయముగా కూర్చుండబెట్టి, రంగురంగుల కండెలను నడుమ పోసి, రెండు ఎఱుపు, ఒకటి పసుపు, మరల రెండు ఎఱుపు, ఒకటి పసుపు పేర్చుచు ఆపి, "తరువాత ఏది?" యని అడుగుచుండెను. నాలుగేండ్ల పిల్ల తడుముకొనక ఎఱుపుకండెను తీసిపెట్టెను. దీనిని నేతగాడు అంచు వరుస యనును. గణితమున శ్రేణి యందురు. శ్రేణులను మా పాఠశాలలో పదవతరగతిపిల్లలు బట్టీపట్టుట మేము చూచినాము. ఇట్లు చేతితో పట్టుకొనుట చూడలేదు.

మఱొకనాడు ఆమె పుస్తకమున పడవబొమ్మను చూపి ఇదేమని అడిగెను. ఒక పిల్లవాడు "నాడె" యనెను. మేము ముప్పదియైదేండ్లు పాఠములు చెప్పినవారము, నోరు ఊరకుండలేదు. "నాడె కాదు నాయనా, నావ" యని దిద్దితిమి. వాడు మమ్ము ఎగదిగ చూచి, "నావ కాదు తాతా. నాడె. మా నాయన మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తుద్ది" అనెను. పంతులమ్మ నవ్వక, ప్రక్కయింటినుండి నిజమైన నాడె నొకదానిని తెప్పించి బొమ్మప్రక్కన పెట్టెను. రెండుకొనలును కూచిగా నుండి, నడుమ డొల్లయైన ఆ రెంటిని పిల్లలందఱును తడిమి చూచిరి. "ఇది నీళ్ళమీద పోద్ది, ఇది నూలుమీద పోద్ది" అని వారిలో ఒకతె తేల్చెను. ఆ దినమున ఆ పిల్లవానికి నావ యను క్రొత్తమాట వచ్చినది; వాని నాడె వాని యొద్దనే యుండినది. మేము దిద్దినట్లే దిద్ది విడిచియున్నచో, తన యింటిమాట తప్పు అనుట యొక్కటియే వాడు నేర్చియుండును. మా తరగతులలో ఇట్లెందఱికి జరిగినదో లెక్కింప మనసొప్పలేదు.

మూడవది ప్రాథమికపాఠశాల యావరణలోనికి చేర్పబడిన కేంద్రము. ఇటీవలి సంవత్సరములలో మన రాష్ట్రమున అంగన్వాడీలను బడులకు దగ్గఱచేయు ప్రయత్నములు జరిగినవి. 2020 నాటి జాతీయ విద్యావిధానమును మూడేండ్లనుండి ఎనిమిదేండ్లవరకు ఒకే పునాదిదశగా భావించినది. ఇచ్చటి మేలేమన, ఐదేండ్ల పిల్లలు ఒకటవతరగతి గదిని ముందే యెఱుగుదురు. మాస్టరుగారు వారి పేర్లెఱుగుదురు. బడిలో చేఱునాడు ఏడ్పులు లేవు. కీడేమన, వెనుకటి కేంద్రము వారి వాడలోనే యుండెను. ఇప్పుడు కాలువవంతెన దాటి రావలయును. మూడేండ్లవారు దాదాపు రానేరారు. పెద్దవారికి లాభము, చిన్నవారికి నష్టము. నీళ్ళకుళాయి కూడ పెద్దపిల్లల యెత్తున నున్నది. దీనిని గుఱించి ఇంతకుమించి చెప్పవలసినది లేదు.

నాలుగవది కాలువగట్టునున్న యానాదుల కాలనీలోనిది. అచ్చటికి పోవుటకు మాకు త్రోవచూపినవారు, "అక్కడ చదువేముంటుంది మాస్టారూ, అన్నంకోసం వస్తారు" అనిరి. నిజమే. అన్నముకొఱకే వచ్చుచున్నారు. అన్నము, పప్పు, గ్రుడ్డు, పాలు. 2013 నాటి ఆహారభద్రతాచట్టము ఈ వయస్సు పిల్లలకు వండిన భోజనమును హక్కుగా చేసినది. చదువు మాట వేఱు. 2002లో జరిగిన రాజ్యాంగసవరణము ఆఱునుండి పదునాలుగేండ్లవారికి విద్యను హక్కుగా నొసగి, ఆఱేండ్ల లోపలివారికి ప్రభుత్వము యత్నింపవలయునని మాత్రము చెప్పినది. శిశువునకు అన్నము హక్కు, అక్షరము ప్రయత్నము. 2022లో వెలువడిన పునాదిదశ పాఠ్యప్రణాళికలో తైత్తిరీయోపనిషత్తునందలి పంచకోశములు ప్రస్తావింపబడినవని తెలిసి మేము సంతోషించితిమి. ఆ కోశములలో మొదటిది అన్నమయము. అన్నముకొఱకు వచ్చువానిని తక్కువచేయువారు ఆ యుపనిషత్తును తలక్రిందుగా చదివినవారు.

ఇచ్చటి పంతులమ్మ ప్రక్కయూరినుండి బస్సులో వచ్చును. ఆమెయు మొదటి సంవత్సరము చింతగింజలే వాడెనట, పిల్లలు పట్టించుకొనలేదు. తరువాత పిల్లలచేతనే చేపలబొమ్మలను అట్టముక్కలపై గీయించి, ఆ బొమ్మలతో లెక్కింపజేయుచున్నది. ఐదేండ్ల బాలు డొకడు పదునొకండు చేపల పేర్లు చెప్పి, వాని రెక్కల తేడాలను నేలపై గీసి చూపెను. మేము అమరకోశమున వారివర్గమును బాల్యముననే కంఠస్థము చేసినవారము. చేపలకు పర్యాయపదములను ఇప్పుడును అప్పగింపగలము. ఆ బాలుడు చెప్పిన చేపలలో మేము గుర్తింపగలిగినవి మూడు. చేపల వేటకును కూలిపనికిని తల్లిదండ్రులు తరలిపోవునెలలలో ఈ పట్టిక సగమగును. వారు పోవుచోట పిల్లలను ఏ కేంద్రమున చేర్చుకొందురో అడుగ యత్నించితిమి, చేర్చుకొనరట.

ఇక మనము మేడపైని పెట్టదలచిన విద్యాలయమువంటిది చూడకుండుట తగదని, పసుపుపచ్చని బస్సు పోవు చోటికిని పోయితిమి. అది సర్కారుది కాదు. పేరు చెప్పుట మర్యాద కాదు. బోర్డుపై మాంటిసోరి యను మాట యున్నది. మరియా మాంటిసోరి యను ఇటలీదేశపు వైద్యురాలు 1907లో రోమునగరమున పేదకూలివారి పేటలో, తల్లులు పనికి పోగా వీధులలో తిరుగు పిల్లలకొఱకు తన మొదటి శిశుగృహమును తెఱచెను. 1939లో మద్రాసు అడయారునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ నొసగెను. పేదపేటలో పుట్టిన ఆ పేరు ఇప్పుడు ఎచ్చట వ్రేలాడుచున్నదో చూడుడు. లోపల మూడేండ్లవారు బల్లలపై వరుసలుగా కూర్చుండి కలిపివ్రాతను దిద్దుచున్నారు. మన పెద్దలు అక్షరాభ్యాసమును ఐదవయేట పెట్టిరి. అంతవరకు లాలింపుడని నీతికారులు చెప్పిరి. మా మనుమడు ఇంగ్లీషు పాటలు ఇరువది అప్పగించును. మొన్న సంక్రాంతికి గంగిరెద్దు వాకిటికి వచ్చినప్పుడు, దాని యొంటిపై నేమేమి కట్టిరో చెప్పుమని అడిగితిమి. వాడు తల్లివైపు చూచి ఊరకుండెను. తెలియక కాదు, చెప్పుట అనునది అప్పగించుటకంటె వేఱని వానికి ఎవరును నేర్పలేదు.

కులబాంధవులారా, మొదటి కేంద్రమునుగూర్చి చెప్పుచు ఒక సంగతిని విడిచితిమి. అది విడువదగినది కాదు. అంత మంచి భవనము విడిచి బస్సునకు నెలనెలకు సొమ్ము చెల్లించుట ఇంగ్లీషుకొఱకే యని అందఱును మాతో చెప్పిరి. అక్కడి మన యిండ్లలో ఒక ముసలమ్మగారు మాత్రము నిజము చెప్పిరి. "వండేది ఎవరో తమకు తెలీదా మాస్టారూ?" అనిరి. ఆ కేంద్రపు ఆయా మాలపల్లెనుండి వచ్చును. ఆమె వండిన అన్నమును మన పిల్లలు తినరాదట. ఆ యింటిలో మగ్గముపై నేసిన చీరను ఎవరు కట్టుకొందురో వారెన్నడైనను అడిగిరా?

ఈ మాట ఇట్టి సభలో చెప్పుట కష్టము. కులసంఘ మహాసభలో కులమునుగూర్చి పొగడ్త తప్ప మఱొకటి ఆడుట ఆచారము కాదు. అయినను మాకు ఒక యధికారము కలదు. మేము పదునొకండవయేట సంస్కృతపాఠశాలలో చేఱునప్పుడు, అచ్చటి పెద్దయొకరు మా తండ్రిగారితో, "సాలెవాళ్ళ పిల్లాడికి శబ్దమంజరి ఎందుకయ్యా, నూలు వడకడానికా?" అనిరి. మా తండ్రిగారు తలవంచుకొని నిలుచుండిరి. మమ్ము చేర్చుకొనిరి, చదువు చెప్పిరి, ఆ మాటను మేము ఏబదియేండ్లకు పైగా మోయుచున్నాము. మన విద్యాలయము 'మన కులపు పిల్లలకొఱకు' అని గతసంవత్సరము మేము నొక్కిచెప్పినప్పుడు, ఆ పెద్దమనిషి స్వరమే మా గొంతులో పలికినదని నాలుగవ కేంద్రమునుండి తిరిగివచ్చుచు బస్సులో తెలిసికొంటిమి.

కొందఱు మిత్రులు 'మన పిల్లలకు మేలు చేసికొనినచో ఇతరులకు కీడేమి?' యని యడుగుదురు. కీడు ఇతరులకే కాదు. మన మేడపైని బడి పెట్టినచో, మన వీధి కేంద్రమునుండి పదునైదుగురు పిల్లలు మొదటిమాసముననే తరలిపోవుదురు. రుసుము కట్టగలవారి పిల్లలు పోవుదురు. మగ్గముపై దినకూలికి నేయువారి పిల్లలు మిగులుదురు. పట్టిక సన్నగిల్లిన కేంద్రమును మఱొకదానితో కలుపుట ఎప్పుడైనను జరుగవచ్చును. అప్పుడు మన వీధి తల్లులు ఏమి చేయుదురు? ఇది ఊహ కాదు. 2023 డిసెంబరులో అంగన్వాడీ పంతులమ్మలును ఆయాలును సమ్మెకు దిగినప్పుడు, 2024 జనవరివరకు 42 దినములు ఆ పని నిలిచెను. మన వీధిలో ఒక యమ్మాయి ఆ దినములనుగూర్చి చెప్పినది: కండెలు చుట్టవలయునా, రెండేండ్ల పిల్లవాడు మగ్గపుగుంటలో పడకుండ చూడవలయునా? ఆ నెలలో చేతికి రావలసిన చీరలలో సగము రాలేదట. ఆ సమ్మె చేసినవారినిగూర్చి కొందఱు పరుషములాడిరి. వారికిచ్చునది జీతము కాదు, గౌరవవేతనమట. 2019లో పంతులమ్మకు నెలకు 11,500 రూపాయలుగను, ఆయాకు 7,000 రూపాయలుగను చేయబడెను. వారికి గ్రాట్యుటీ చెల్లింపవలసినదే యని సర్వోన్నతన్యాయస్థానము 2022 ఏప్రిలులో తీర్పు చెప్పవలసివచ్చినది. కండెలతో శ్రేణులు నేర్పు ఆ తల్లి సంపాదన మన మండపమున ఒక పెండ్లికి పూలకగు వెచ్చములో ఎన్నవవంతో కోశాధికారిగారికి తెలియును.

నాలుగింటిని పోల్చి ఒకదానిని శ్రేష్ఠమనవలయునన్న, మేము రెండవదానిని అందుము. కాని దానికి గది లేదు. మొదటిదానికి గది కలదు, పిల్లలు లేరు. మూడవది దూరమైనది. నాలుగవదానికి మనవంటివారి గౌరవము లేదు. కార్యవర్గమువారు మమ్ము అడిగినది వీనికంటె మేలైన మఱొకదానిని ఎట్లు కట్టవలయునని. ఆ ప్రశ్నకు మాయొద్ద సమాధానము లేదు.

ఈ క్రింది సవరణను మాత్రము సభవారి ముందుంచుచున్నాము. మేడపైని శిశువిద్యాలయమును విరమింపవలయును. మన మండపమున క్రిందియంతస్తులో పెండ్లివారి సామానులు పెట్టు తూర్పుగదిని, దాని ముందరి అంగణమును, వంటపంచను మన వీధి అంగన్వాడీ కేంద్రమునకు అద్దెలేక ఈయవలయును. పెండ్లిదినములలో కూడ ఆ గది వారిదే. అందు ఏ కులపు పిల్లవాడైనను చేఱవచ్చును. ఏ కులపు ఆయా యైనను ఆ పొయ్యిమీదనే వండును. విద్యానిధినుండి పసివారి యెత్తునకు తగిన కుళాయిని, మరుగుదొడ్డిని కట్టింపవలయును. యానాదుల కాలనీ కేంద్రమునకు వర్షకాలమునకు ముందు పైకప్పు మరమ్మతు చేయింపవలయును; అందులకు అనుమతి తెచ్చుట మేము పూచీపడుదుము.

మా మనుమని మాట యడుగుదురని యెఱుగుదుము. పదునైదు దినములనుండి వాడు మొదటి కేంద్రమునకు పోవుచున్నాడు. మా కోడలు మాతో మూడుదినములు మాటలాడలేదు. నాల్గవనాడు తానే వానిని దిగవిడిచి వచ్చినది. ఆ మాలపల్లె ఆయా వండిన పప్పన్నమును ఒకనాడు మేమును వానిప్రక్క కూర్చుండి తింటిమి. ఉప్పు కొంచె మెక్కువైనది, చెప్పితిమి, మఱునాడు తగ్గించినదట.

మన వీధి కేంద్రపు గది యజమాని తన కుమారుని మగ్గముకొఱకు గది కావలయుననియు, ఉగాదిలోపల ఖాళీ చేయవలయుననియు పంతులమ్మకు చెప్పినాడు. ఉగాదికి ఇక ఇరువదిరెండు దినములే యున్నవి. తూర్పుగది తాళపుచెవి కార్యదర్శిగారి యొద్ద నున్నది. సవరణను చదువుటకు అధ్యక్షులవారి యనుమతిని వేడుచున్నాము.